మూడొందల తొంభై తొమ్మిది రూపాయల కిట్టు, నా ఎడమ చెవి

నా ఎడమ చెవి తమ్మె వెనక పక్క చిన్న పెదవిలాగా ఒక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అద్దంలో నాకు కనపడదు గానీ కటింగ్ చేసే అన్నకు కనపడుతుంది, వెళ్లిన ప్రతిసారీ "ఇదేందన్నా, కాలిందా?" అని అడుగుతాడు. కాలలేదు. దాన్ని బ్లోఅవుట్ అంటారు. చెవి రంధ్రాన్ని తొందరపడి సాగదీస్తే లోపలి చర్మం వెనక్కి తిరగబడి బయటికి తోసుకొస్తుంది, అదన్నమాట. ఇప్పుడు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇది ఎట్లా వచ్చింది, ఆ తర్వాత చెవిలో ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో ఎట్లా నేర్చుకున్నా అన్నది రాస్తున్నా, ఎందుకంటే ఈ మధ్య మా షాపుకు వచ్చే పిల్లలు ఫోను బాగుచేయించుకుంటూ నా చెవులు చూసి "అన్నా, ఇవి ఎక్కడ కొన్నవ్?" అని అడుగుతున్నారు. ఎక్కడ కొన్నవ్ అని అడుగుతారు, దేంతో చేసింది అని ఒక్కడూ అడగడు. నేనూ అడగలేదు అప్పుడు.

నాది నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర సందులో మొబైల్ రిపేర్ షాపు. చెవులు చిన్నప్పుడే కుట్టించారు, చెర్వుగట్టు గుడి దగ్గర పుట్టువెంట్రుకలు తీసిన వారానికి, మా అవ్వ వాళ్ల ఊళ్లో, దేవరకొండ దగ్గర, అవుసలాయన (కంసాలి) బంగారు తీగతో కుట్టాడు. ఇంటర్ దాకా సన్న పోగులుండేవి, తర్వాత తీసేశా. 2022లో హైదరాబాద్ నుంచి వచ్చిన దోస్తు చెవిలో ఇటు నుంచి చూస్తే అటు కనపడే టన్నెల్స్ చూసేసరికి నాకూ కావాలనిపించింది. అదే రాత్రి ఆన్‌లైన్‌లో 399 రూపాయలకు 36 పీసుల కిట్టు ఆర్డర్ పెట్టేశా.

కిట్టులో 1.6 ఎంఎం నుంచి 10 ఎంఎం దాకా మొన తేలిన టేపర్లు (రంధ్రం సాగదీసే పుల్లలు), టన్నెల్స్, రబ్బరు రింగులు. సగం ప్లాస్టిక్, సగం స్టీలు. కవరు మీద "సర్జికల్ స్టీల్" అని రాసుంది. ఆపరేషన్లలో వాడే స్టీలంట, ఇంకేం కావాలి అనుకున్నా. సైజుల సంగతి కూడా అప్పుడు తెలియదు. గేజ్ లెక్క కరెంటు వైరు లెక్కలాగే తలకిందులుగా ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది: 14 గేజ్ అంటే 1.6 ఎంఎం, 8 అంటే 3.2, 4 అంటే 5, 0 అంటే 8, ఆ పైన 00 అంటే పది దగ్గర. మెట్లు సమానంగా ఉండవు. మొదట్లో అర ఎంఎం చొప్పున పెరుగుతుంది, పైకి పోయేకొద్దీ ఒక్క మెట్టుకే ఒకటిన్నర, రెండు ఎంఎం అయిపోతుంది. మనకేమో మెట్టంటే మెట్టే అనిపిస్తుంది.

ఒక సైజుకూ ఇంకో సైజుకూ మధ్య తక్కువలో తక్కువ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, పెద్ద సైజులకైతే మూడు నాలుగు నెలలు. నేను 1.6 నుంచి 5కు ఐదు వారాల్లో పోయా. ఐదో వారం ఆదివారం, స్నానం చేసి వేడిమీద ఉన్నప్పుడు కొబ్బరినూనె రాసి ప్లాస్టిక్ టేపర్ తోశా. కుడి చెవి ఊరుకుంది. ఎడమ చెవిలో దారం తెగినట్టు చిన్నగా టక్‌మంది, నెత్తురు మెడ మీదికి కారింది. నొప్పి వస్తే ఆపాలి అనే ఇంగితం ఉండాలి కదా, పళ్లు బిగబట్టి పూర్తిగా తోసి, దాని వెనకే స్టీలు టన్నెల్ ఎక్కించి, పెద్ద పని చేసినట్టు ఫోటో కూడా తీసుకున్నా.

మూడో రోజు నుంచి దురద మొదలైంది. నొప్పి అయితే అర్థం ఉంది, చీల్చింది నేనే కాబట్టి. దురద ఎందుకు? అది కూడా రెండు చెవులకూ, ఏమీ కాని కుడి చెవికి కూడా. పొద్దున లేస్తే దిండు మీద పసుపు మరకలు, తమ్మె మీద ఆవగింజంత నీటి పొక్కులు. డెట్టాల్ పూశా, ఇంకా మండింది. అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టింది. రెండు రోజులు మంచిగైనట్టు అనిపించి మళ్లీ మొదటికొచ్చింది.

చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరకు పోయా. తిడతారనుకున్నా. ఆవిడ చెవి చూసి, ఏం పెట్టావని అడిగి, "షర్టు పైకెత్తు" అన్నారు. చెవికీ పొట్టకూ ఏం సంబంధమో అర్థం కాలేదు. ఎత్తా. బొడ్డు కింద, జీన్స్ బొత్తాం తగిలేచోట రూపాయి బిళ్లంత నల్లగా, మొద్దుబారిన మచ్చ ఉంది. డిగ్రీ నుంచీ ఉంది అది, ఎండాకాలం వస్తే గోక్కోవడమే, చెమట పొక్కులనుకుని పౌడర్ కొట్టుకునేవాణ్ని. "ఇదీ అదీ ఒకటే బాబూ. నికెల్ లోహం నీ ఒంటికి పడట్లేదు" అన్నారు.

గట్టిగా తెలుసుకోవాలంటే ప్యాచ్ టెస్ట్ చేయించుకోమన్నారు, హైదరాబాద్ పోయి చేయించుకున్నా. వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటివి టేపుతో అతికిస్తారు, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం. రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు. మే నెలలో, నల్లగొండలో, చెమట పట్టకూడదు! షాపు మూసి కూలర్ ముందు బోర్లా పడుకున్నా, అక్క "నూకలు ఎండబెట్టినట్టు ఎండబెట్టుకుంటున్నవేందిరా" అని ఒకటే నవ్వు. 48 గంటలకు తీసి ఒకసారి చూశారు, మళ్లీ నాలుగో రోజు చూశారు. ఈ రకం అలర్జీ వెంటనే పైకి రాదు, ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటుంది, అందుకే రెండుసార్లు చూస్తారంట. నికెల్ గడి దగ్గర ఎర్రగా ఉబ్బి, చెవికొచ్చినట్టే పొక్కులు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక జన్మంతా అంతే అని చెప్పారు.

ఇంటికొచ్చి ఆ టన్నెల్‌ను షాపులో మైక్రోస్కోప్ కింద పెట్టా. ఫోను బోర్డుల మీద ఐసీలు చూసే మైక్రోస్కోపే. కంటికి మెరుస్తూ కనపడే ఆ ముక్క లోపల లేత్ మిషన్ గీతలు రంపపు పళ్లలాగా ఉన్నాయి. మర తిప్పే అంచు దగ్గర ఊడీ ఊడని లోహపు పెచ్చు ఒకటి వేలాడుతోంది. ఆ గీతల్లో ఎండిపోయిన నా చర్మం. ఇదా నేను రోజూ తిప్పి తిప్పి చెవిలో పెట్టుకున్నది అనుకున్నా, కడుపులో తిప్పింది. ప్లాస్టిక్ టేపర్ అయితే ఇంకా ఘోరం, రెండు అచ్చు ముక్కలు కలిసిన చోట పై నుంచి కింది దాకా గోరు తగిలేంత గీర. దాన్ని మాంసంలోంచి తోశా.

ఇక అక్కడి నుంచి మెటీరియల్ పిచ్చి పట్టింది నాకు. "సర్జికల్ స్టీల్" అనే మాటకు పక్కా అర్థమే లేదు, ఎవడైనా దేని మీదైనా రాసుకోవచ్చు. 316ఎల్ అంటే ఒక రకం స్టీలు అని తెలుస్తుంది. శరీరం లోపల పెట్టడానికి పనికొచ్చే స్టీలు అనాలంటే ఏఎస్‌టీఎం ఎఫ్-138 అనో, ఐఎస్‌ఓ 5832-1 అనో స్టాండర్డ్ నంబరు ఉండాలి. అయితే అసలు మెలిక ఏంటంటే, ఆ మంచి స్టీల్లో కూడా నికెల్ ఉంటుంది, నూటికి 13 నుంచి 15 పాళ్లు. పైన క్రోమియం వల్ల ఏర్పడే పలచని పొర దాన్ని బయటికి రానివ్వదు కాబట్టి చాలామందికి ఏమీ కాదు. యూరప్‌లో 1994లోనే నికెల్ మీద నిబంధన తెచ్చారు, ఇప్పుడు వాళ్ల లెక్క కుట్టిన రంధ్రంలో పెట్టే వస్తువు చదరపు సెంటీమీటరుకు వారానికి 0.2 మైక్రోగ్రాముకు మించి నికెల్ వదలకూడదని. లోపల ఎంత ఉందన్నది కాదు, ఎంత వదులుతుందన్నది చూస్తారు. నాకు నచ్చిన లెక్క అది. కాకపోతే నాలాంటివాడికి ఆ పొర మీద ప్రాణం పెట్టుకుని కూర్చునే ఓపిక లేదు, మన చెమటకు అసలే లేదు.

నికెల్ వదులుతుందో లేదో చూసే చుక్కల మందు దొరుకుతుంది, డైమిథైల్‌గ్లయాక్సిమ్ అని నోరు తిరగని పేరు. ఇయర్‌బడ్ మీద రెండు చుక్కలు వేసి వస్తువు మీద అర నిమిషం రుద్దితే, నికెల్ వదిలేదైతే దూది గులాబీ రంగు తిరుగుతుంది. మొదట నా టన్నెల్ రుద్దా, గులాబీ. జీన్స్ బొత్తాం, గులాబీ. తర్వాత ఊరుకోకుండా అక్క వన్ గ్రామ్ గోల్డ్ బుట్టాలు అడిగి వాటి కొక్కేలు రుద్దితే పెళ్లి చీర అంచులాగా చిక్కటి గులాబీ. పాపం అక్క ఎన్నేళ్ల నుంచో ఫంక్షన్‌కు పోయొచ్చిన ప్రతిసారీ చెవులు చీము పట్టి, కొక్కేలకు గోళ్ల రంగు పూసి పెట్టుకునేది. పూత నగల్లో ఇత్తడి మీద బంగారు పూతకు ముందు నికెల్ పూత వేయడం మామూలే, పైది అరిగితే కింది నికెల్ చర్మానికి తగులుతుంది. గోళ్ల రంగు రెండు ఫంక్షన్లకు ఆగుతుందేమో, అంతే.

అయస్కాంతం అంటుకోకపోతే మంచిదని చెప్పేవాళ్లుంటారు. నమ్మకండి. 316ఎల్ స్టీలుకూ అంటుకోదు, టైటానియానికీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు.

టైటానియం దగ్గరకు అట్లా వచ్చా. అడగాల్సిన నంబరు ఏఎస్‌టీఎం ఎఫ్-136, లేదా ఐఎస్‌ఓ 5832-3. టైటానియంలో ఆరు పాళ్లు అల్యూమినియం, నాలుగు పాళ్లు వెనేడియం కలిపిన లోహం, నికెల్ కలపరు. ఎముకల ఆపరేషన్లలో వేసేది ఈ జాతిదే. ముందు నేను ఆశపడి ఆన్‌లైన్‌లో 250 రూపాయలకు "టైటానియం" జత కొన్నా. చేతిలో పెట్టుకోగానే అనుమానం, ఎందుకంటే టైటానియం స్టీలు బరువులో ఇంచుమించు సగమే ఉండాలి, ఇది పాతదానంతే తూగింది. ఇంకో పరీక్ష షాపులోనే చేశా. మా దగ్గర ఫోన్లకు కరెంటిచ్చే డీసీ పవర్ సప్లై ఉంటుంది, 30 ఓల్టుల దాకా పోతుంది. గ్లాసు నీళ్లలో వంటసోడా కలిపి, మైనస్ వైరు స్టీలు చెంచాకు, ప్లస్ వైరు వస్తువుకు తగిలించి, క్లిప్పు మాత్రం నీళ్లకు తగలకుండా వస్తువును ముంచాలి, టైటానియమైతే రంగు తిరుగుతుంది. 250 రూపాయలది బుడగలు వదిలింది, రంగు మారలేదు. టక్కున తీసేశా, స్టీలును అట్లాగే ఉంచితే అందులో క్రోమియం నీళ్లలోకి దిగుతుంది, అది ఒంటికి మంచిది కాదు, మీరు ఆ పని చేయకండి.

అసలు టైటానియం హైదరాబాద్‌లో ఒక పియర్సింగ్ స్టూడియోలో దొరికింది. వాళ్లు అడగ్గానే లోహం తయారుచేసిన మిల్లు సర్టిఫికెట్ కాగితం చూపించారు, దాంట్లో ఎఫ్-136 అని, ఏ లోహం ఎంత శాతమో ఉంది. జత 3,200. చెయ్యి వణికింది ఇవ్వడానికి. కానీ విడిగా కొన్న ఒక చిన్న రింగును అదే సోడా నీళ్లలో ముంచి ఓల్టులు పెంచుతుంటే, పదిహేను దగ్గర కంచు రంగు, ఆ పైన ఊదా, ముప్పైకి వచ్చేసరికి నెమలి మెడలాంటి నీలం. రంగు పూయలేదు, ఏమీ పూయలేదు, పైన ఆక్సైడ్ పొర మందం మారి వెలుతురు అట్లా కనపడుతుంది అంతే. నాలుగుసార్లు గీకి మళ్లీ మళ్లీ చేశా, బేరం వచ్చినాయన "నా డిస్‌ప్లే ఏమైంది తమ్మీ" అనేదాకా. ఈ పరీక్షతో టైటానియమా కాదా అనేది తెలుస్తుంది, ఏ గ్రేడో తెలియదు. దానికి కాగితమే కావాలి.

అయితే చెవి మానకుండా టైటానియం పెట్టినా లాభం లేదు కదా. స్టూడియో అన్న నా ఎడమ చెవి చూసి మొత్తం తీసేయమన్నాడు. ఐదు నుంచి కిందికి దిగి, సన్నది పెట్టుకుని, మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ సీసాతో రోజుకు రెండుసార్లు కడగడం, డెట్టాల్, స్పిరిట్, పసుపు అన్నీ బంద్. మానాక నూనెతో రోజూ తమ్మె మర్దన. నాలుగు నెలలు. అవ్వ ఈ నాలుగు నెలల్లో మా ఇంట్లోనే ఉంది, కంటి ఆపరేషన్‌కు వచ్చి.

అవ్వ చెవులు నాకంటే పెద్దవి. చిన్నప్పుడు చీపురు పుల్ల పెట్టి, కొన్నాళ్లకు పక్కన ఇంకో పుల్ల చేర్చి, తర్వాత తాటాకు చుట్ట చుట్టి దూర్చేవాళ్లంట. చుట్టిన ఆకు తనంతట తాను విప్పుకోవాలని చూస్తుంది కదా, అదే మెల్లగా సాగదీస్తుంది. చెవి కమ్మ అన్న మాట తాటి కమ్మ నుంచే వచ్చిందంటారు. ఇదంతా విని నేను "చూశావా అవ్వా, నువ్వు చేసిందే నేను చేస్తున్న" అంటే, కుడి చెవి తమ్మె చూపించింది. కింద రెండుగా చీలి ఉంటుంది. పెళ్లైన కొత్తలో బరువు గంటీలు పెట్టుకుని మోట కాడ వంగి లేస్తుంటే కొన్నేళ్లకు తెగిపోయిందంట. "నేను చేసిందే చేస్తా అంటవేందిరా, ఇగో ఇది కూడ చేస్తవా?" అంది. ఆ రోజు నుంచి ఏది కొన్నా ముందు తూకం చూస్తున్నా.

వెండి పెట్టుకో, చలువ అని కూడా అంది అవ్వ. మానిన చెవికి కాసేపైతే సరే, సాగుతున్న చెవిలో వెండి వద్దు. నల్లబడుతుంది, ఆ నలుపు చర్మంలోకి దిగి మచ్చ మిగిలిపోవచ్చు. బంగారం సంగతి ఇంకోటి. 22 క్యారెట్ల ముద్ర 916, అంటే వెయ్యికి 916 పాళ్లు బంగారం, దానితోపాటు బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆరు అక్షరాలూ అంకెల హెచ్‌యూఐడీ (ఆ నగకు మాత్రమే ఇచ్చే నంబరు) ఉంటాయి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అంతవరకు బాగుంది. మిగతా 84 పాళ్లు ఏంటన్నది ముద్ర చెప్పదు. వైట్ గోల్డ్ అయితే తెల్లబడటానికి నికెల్ కలిపేవాళ్లూ ఉన్నారు, పల్లాడియం కలిపేవాళ్లూ ఉన్నారు, అడిగి తెలుసుకోవాలి.

చెక్కవి చూడ్డానికి బాగుంటాయి. మా వడ్రంగి దోస్తు టేకుతో జత చేసిస్తానన్నాడు, టేకు పొట్టు పడక వాడికే చేతులు దద్దుర్లెక్కుతాయి, దాన్ని నా చెవిలో పెట్టమంటాడు. పూర్తిగా మానిన చెవిలో, వార్నిష్ లేనిది, పడే చెక్కైతే పెట్టుకోవచ్చు, స్నానానికి ముందు తీసేయాలి. సిలికాన్ కూడా మానినాకే, అదీ రాత్రంతా వద్దు, చెమట లోపలే ఉండిపోతుంది. యాక్రిలిక్ అసలు వద్దు, ఆవిరిలో శుభ్రం చేయడానికి కూడా ఆగదు.

నాకు చివరికి పడింది గాజు. బోరోసిలికేట్, ల్యాబుల్లో బీకర్లు చేసే రకం. నికెల్ గొడవ లేదు, చర్మాన్ని కోయడానికి గీరలు లేవు, టైటానియం కంటే కూడా తేలిక, మరిగించినా ఏమీ కాదు. మైక్రోస్కోప్ కింద పెడితే చూడ్డానికి ఏమీ కనపడలేదు, ఖాళీగా, నీళ్లలాగా ఉంది. సాగదీయడానికి ఒక వైపే అంచున్నది తీసుకోవాలి, రెండు వైపులా అంచులున్నది రంధ్రం కంటే లావుగా ఉంటుంది, కొత్తగా సాగిన చెవిని చీలుస్తుంది. కొన్నది వెర్నియర్‌తో కొలుస్తా ప్రతిదాన్నీ. 6 అని అమ్మినది 6.4 వచ్చింది ఒకసారి, వెనక్కి పంపించా. మళ్లీ మూడు దగ్గర మొదలుపెట్టి 8 చేరడానికి ఏడాదిన్నర పట్టింది, టేపర్ ముట్టకుండా, నూనె రాస్తే తనంతట తాను జారేదాకా ఆగి. ఒకటి బాత్రూంలో జారి పగిలింది, 1,400 గోవిందా. 8 దగ్గర ఆగిపోయా. ఇంకా పోతే తీసేసినా మళ్లీ పూడుతుందన్న గ్యారంటీ లేదు, అమ్మేమో సంబంధాలు చూస్తోంది.

మొన్న మా అక్క కూతురికి చెవులు కుట్టించడానికి అందరం దేవరకొండ పోయాం. నాకు కుట్టినాయనే, ముసలాయన అయిపోయాడు, చెయ్యి మాత్రం వణకట్లేదు. తీగ తీయగానే ఉండబట్టలేక "తాతా, మిగతా 84 పాళ్లల్ల ఏముంది?" అని అడిగా. అక్క నన్ను గిల్లింది. ఆయన ఏమీ అనుకోలేదు, తీగను వేలికి చుట్టి విప్పి చూపించాడు. "రాగి, వెండి. నువ్వన్న నికెలు కలిపితే తీగ బిర్రుగైతది బిడ్డా, ఇట్ల వంగదు." చుక్కల మందు సీసా జేబులోనే ఉంది, ఆయన ముందు తీయడానికి మనసొప్పలేదు, బయటికొచ్చాక తీగలో మిగిలిన ముక్క మీద రుద్దా. దూది తెల్లగానే ఉంది.

కుట్టడం అయ్యాక పిల్ల ఏడుపు ఆపలేదు. దాన్ని మరిపించడానికి ఆయన నా చెవి పట్టుకుని "ఇదేం పెట్టిండు చూడు మీ మామ" అని, "ఏందిరా ఇది?" అన్నాడు.

"గాజు తాతా."

"గాజా! నేను కుట్టిన చెవికి గాజు ఎక్కించినవారా" అని పగలబడి నవ్వి, అక్క వైపు తిరిగి, "మల్ల ఎప్పుడమ్మా, మీ తమ్మునికి సీమంతం?" అన్నాడు.